కొట్టివేత, చెరిపివేత

నేను బి.కాం. చదివినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో పద్దులు చూస్తున్నాను. సంగీతంలో నా పాండిత్యం, తాళం తప్పితే పక్కవాళ్ళ ముఖం చూసి తెలుసుకునేపాటిది. అటువంటివాణ్ణి, ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరు మంచిదని రెండు నెలలు వెతికాను. ఆ వెతుకులాట నన్నొక ధర్మసందేహంలోకి దించింది. దాన్ని మీ ముందు పెట్టడానికే ఈ నాలుగు మాటలు.

మాది హోసూరు ప్రాంతం. మా పెద్దమ్మకు అప్పటికే ఎనభై దాటాయి. మంగళహారతులు, నలుగు పాటలు, విసుర్రాయి పాటలు ఆమెకు వచ్చినన్ని మా చుట్టుపక్కల ఇంకెవరికీ రావు. వాటిలో తెలుగుతోపాటు కన్నడం, తమిళం మాటలు కూడా పాలూనీళ్ళలా కలిసి ఉంటాయి. ఆమె మనవలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరం వాళ్ళకు రాదు. పాటలు రాసి ఇస్తే చదవలేరు, వినిపిస్తే వింటారు. కనుక గొంతునే పుస్తకం చెయ్యాలనుకున్నాను.

సంగతి తెలిసి బెంగుళూరులో పనిచేసే మా మేనల్లుడు ఒక పెన్‌డ్రైవు తెచ్చాడు. ‘‘మామా, ఇది పెద్ద స్టూడియోల్లో వాడేది. కొంటే వేలల్లో అవుతాది. నేను తాళం పగలగొట్టిండేది తెచ్చిండాను’’ అన్నాడు. దొంగసొత్తు కదరా అన్నాను. ‘‘దొంగసొత్తంటే ఒకరి దగ్గర పోవాల గదా మామా! ఈడ ఎవురిది పోయింది? నువ్వెట్లా డబ్బిచ్చి కొనేది లేదు. వాళ్ళకు రావాల్సిండే రూపాయి ఏదీ ఆగిపోలేదు’’ అన్నాడు.

వాదం బలంగానే ఉంది. ఆ రాత్రి నాకు వెంటనే జవాబు తోచలేదు. మర్నాడు బ్యాంకులో కూర్చున్నాక తోచింది. ఒకడు దొంగ పట్టా పెట్టి అప్పు తీసుకుని, వడ్డీతో సహా చివరి పైసా వరకు కట్టేశాడనుకోండి. బ్యాంకుకు నష్టమేమీ లేదు. అయినా ఆ పట్టా మంచిదైపోదు. తెలిసి దాన్ని ఒప్పుకున్న ఆఫీసరు బీరువాలో ఉన్న మిగతా పట్టాలన్నిటికీ విలువ తగ్గుతుంది. నష్టం ఎప్పుడూ అంకెల్లోనే కనపడాలని లేదు. పైగా మనవలకు ‘ఇది మీ అవ్వ ఇచ్చిన ఆస్తి’ అని చెప్పి ఇవ్వబోయే వస్తువుకు మూలపత్రమే దొంగదైతే ఎట్లా?

సరే, న్యాయంగా దొరికేవి చూశాను. స్టూడియోలవాళ్ళు ఎక్కువగా వాడే ప్రో టూల్స్‌కు ఏటా చందా కట్టవచ్చు. రీపర్ అనేదాన్ని 60 రోజులు వాడి చూసుకుని, నచ్చితే సొంత వాడకానికి 60 డాలర్లు కట్టాలి. గడువు దాటినా అది ఆగిపోదు, డబ్బు సంగతి గుర్తుచేస్తుందంతే. మనిషి మీద అంత నమ్మకం ఉంచిన వ్యాపారం మా బ్యాంకుల్లో నేను చూడలేదు. మూడోది ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు మొదలుపెట్టి 2000లో బయటపెట్టారు. పూర్తిగా ఉచితం, లోపలి రాతకోతలు కూడా ఎవరైనా చూడవచ్చు. నేను దాన్నే ఎంచుకున్నాను. ఉచితమని మాత్రమే కాదు. చందా కట్టడం మానితే తెరుచుకోని పెట్టెలో పెద్దమ్మ గొంతు పెట్టడం నాకిష్టం లేకపోయింది. పాటను చివరికి వేవ్ అనే ఫైలుగా దాచుకుంటే దాన్ని దాదాపు ఏ కంప్యూటరైనా వినిపిస్తుంది. సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి రాసే ఈ పద్ధతిలో ఒక్క మైకుతో తీసిన పాట నిమిషానికి సుమారు 5 మెగాబైట్లు. ఐదేసి నిమిషాల వంద పాటలు చిన్న పెన్‌డ్రైవులో పడతాయి. లెక్క తేలింది.

గదిలో దూదిపరుపు గోడకు ఆనించి, ఫ్యాను ఆపి, కుక్కరు దింపేదాకా ఆగి, రోజుకు రెండేసి పాటలు తీశాం. మేనల్లుడు ఊరుకోక ఒక పాటను తీసుకుపోయి శ్రుతి సరిచేసి తెచ్చాడు. గొంతును సరిదిద్దే ఆటోట్యూన్‌ను 1997లో ఆండీ హిల్డెబ్రాండ్ తెచ్చాడు. అంతకు ముందు ఆయన చమురు కంపెనీలకోసం భూమిలోపలి ప్రకంపనలను విశ్లేషించే పనిలో ఉండేవాడు. అటువంటి పనిముట్టును గట్టిగా బిగిస్తే స్వరానికీ స్వరానికీ మధ్య జారుడును తప్పుగా లెక్కగట్టి, దగ్గరి మెట్టు మీదికి లాగేస్తుంది. మన పాటకు ప్రాణమంతా ఆ జారుడులోనే ఉందాయె! పెద్దమ్మ చెవిదగ్గర పెట్టుకుని విని, ‘‘బాగుండాది. ఎవురు పాడిండేది?’’ అని అడిగింది.

అప్పుడు నాకు పాత లెడ్జర్లు గుర్తొచ్చాయి. నేను చేరిన కొత్తలో ఒక అంకె తప్పు రాసి బ్లేడుతో గీకబోతే మేనేజరుగారు చెయ్యి పట్టుకున్నారు. ‘‘కొట్టెయ్యి, చెరపకు’’ అన్నారు. తప్పు అంకె మీద ఒక్క గీత, పైన సరైన అంకె, పక్కన పొట్టి సంతకం. కింది అంకె ఎప్పటికీ చదవడానికి వీలుండాలి. కంప్యూటర్లు వచ్చాకా అంతే, తప్పు పద్దును తుడవం, ఎదురు పద్దు వేస్తాం. అదే నియమం ఇక్కడా పెట్టుకున్నాను. అసలుప్రతి ముట్టుకోకూడదు. దగ్గు తీసినా, గాలిచప్పుడు తగ్గించినా నకలులోనే.

ఆ నియమాన్ని ఒక్కసారి తప్పాను.

ఒక హారతిపాటలో మూడో చరణం దగ్గర పెద్దమ్మకు మాట అందలేదు. ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మెల్లగా, ‘‘మీ అమ్మ ఉండింటే అందిచ్చేది రా’’ అంది. మా అమ్మ ఆమెకు చెల్లెలు. ఇద్దరూ చిన్నప్పటినుంచీ జంటగా పాడేవారు. మరి కాసేపటికి తనకే గుర్తొచ్చి పాట పూర్తిచేసింది. అయ్యాక, ‘‘ఆ మాట తీసెయ్ నాయనా. హారతిలో ఏడుపు ఉండకూడదు’’ అంది. తీసేశాను. అసలుప్రతిలోనే తీసేసి, దాచి, మూసేశాను. ఒకసారి మూశాక వెనక్కి తెచ్చే దారి లేదు. ఆ మరుసటి సంక్రాంతికి ఆమె లేదు.

ఇప్పుడు ఆ పాట వింటే చరణం అడ్డంకి లేకుండా సాగిపోతుంది. చెవి పెట్టి వింటే ఒకచోట ఊపిరి సగంలో తెగుతుంది. అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. వంద పాటల్లో ఆమె మా అమ్మను తలచుకున్నది అక్కడొక్కచోటే.

నేను చేసింది తప్పా? లెడ్జరు న్యాయం ప్రకారం తప్పే. కాని బ్యాంకులో లెడ్జరు ఒక్కటే లేదు, లాకరు కూడా ఉంది. లెడ్జరు బ్యాంకుది, అందులో నిజం నిలవాలి. లాకరులో ఉన్నది మనిషిది. ఆయన ఏం పెట్టాడు, ఏం తీసుకుపోయాడు అని అడిగే హక్కు మాకు లేదు, జాబితా రాసుకునే హక్కూ లేదు. గొంతు పెద్దమ్మది. మంగళం పాడుతూ కంటనీరు పెట్టకూడదన్న నియమమూ ఆమెదే. ఫోటోకు కూర్చునేముందు తల దువ్వుకునే మనిషి అబద్ధమాడుతున్నదని అనగలమా? మేనల్లుడు ఆమెను అడక్కుండా మార్చాడు, అది వేరు. నేను ఆమె చెప్పినట్టే చేశాను. ఆమె వద్దన్నది దొంగచాటుగా దాచి ఉంటే, నమ్మి అప్పజెప్పిన సొమ్ములో చెయ్యి పెట్టినట్టే కదా!

రెండు వాదాలూ నాకు సమంగానే తూగుతాయి. తూగనిది ఒకటుంది. ‘తీసెయ్’ అన్నప్పుడు ఆమె పాటలోంచి తీసెయ్యమన్నదా, అసలు లేకుండానే చెయ్యమన్నదా? ఆ మాట నేను అడగలేదు. అడగడానికి అరనిమిషం పట్టేది. ఖాతాదారు చెక్కు మీద అంకె ఒకటి, అక్షరం ఒకటి రాస్తే కబురుపెట్టి అడిగేవాణ్ణి, ఇంట్లో పెద్దమ్మను అడగలేదు.

బళ్ళారిలో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో మీ ఇళ్ళలోనూ ఇటువంటి గొంతులు ఉండే ఉంటాయి. ఏ సాఫ్ట్‌వేరు వాడినా పరవాలేదు, న్యాయంగా వచ్చినదైతే చాలు. పెద్దవాళ్ళు ఏదైనా తీసెయ్యమంటే మాత్రం, దాచి ఉంచమంటారా, పారెయ్యమంటారా అని ఒక్కమాట అడగండి. వాళ్ళు పారెయ్యమంటే పారెయ్యండి.