బెల్లంగాడి ఎంట్రీ విషయమై

తెనాలి

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజీ అందేలోపే మీ అమ్మ ఫోన్ చేసింది. "కాన్సరొచ్చిన కుక్కని పట్టుకుని పోటీలకి తిరుగుతానంటోంది, నువ్వన్నా చెప్పన్నయ్యా" అని మొదలుపెట్టి ధర్మరాజు దాకా, ఆయన వెంట నడిచిన కుక్క దాకా వెళ్ళింది. కాబట్టి ఆ కథ నేను మళ్ళీ చెప్పను. నువ్వడిగింది ఒకటే: వచ్చే నెల సెంట్ వర్క్ పోటీకి బెల్లంగాడి పేర కట్టిన ఎంట్రీ ఉంచాలా, వెనక్కి తీసుకోవాలా అని. ఉంచు. జవాబు అంతే. కానీ ఏ మనసుతో వెళ్ళాలన్నది ఒక్క ముక్కలో తేలేది కాదు. అందుకే వాట్సాప్ పక్కన పెట్టి కాగితం తీశాను.

ముందు మీ అమ్మ భయం సంగతి చూద్దాం. కీమో అనగానే ఆవిడ కళ్ళముందు మెదిలేది మనిషి: ఊడిపోయిన జుట్టు, మంచం పక్కన బేసిన్, ముద్ద దిగని నోరు. మనుషులకి ఆ వైద్యం చేసేటప్పుడు చాలాసార్లు జబ్బుని వేళ్ళతో సహా పెకలించాలనే చూస్తారు. ఒళ్ళు ఎంత ఓర్చుకుంటే అంత మోతాదు వేస్తారు. కుక్కల దగ్గర లెక్క వేరు. ఉన్నన్నాళ్ళు హాయిగా ఉండాలన్నదే గురి, మోతాదు కూడా దానికి తగ్గట్టు తక్కువే. లాబ్రడార్‌కి ఒంటిమీద బొచ్చు పెద్దగా రాలదు. పూడుల్ లాంటి, జుట్టు పెరుగుతూనే ఉండే జాతులకే ఆ బెడద. మీసాలు రాలితే రాలొచ్చు. ఒకట్రెండు రోజులు తిండి తగ్గుతుంది, విరేచనాలవుతాయి, మళ్ళీ గిన్నె నాకుతూ నీ వెంట పడతాడు.

వాడికి ఎక్కిస్తున్న నాలుగు మందుల్లో విన్‌క్రిస్టీన్ నాకు పాత చుట్టం. మీ అమ్మమ్మ వాకిట్లో బిళ్ళగన్నేరు పెంచేది చూడు, ఆ మొక్క నుంచి తీసిందే అది. వీధికుక్కలకి మర్మాంగాల దగ్గర ఒక గడ్డ వస్తుంది, జత కట్టినప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది. దానికి మేం వారానికో ఇంజెక్షన్ చొప్పున ఇదే మందు ఇచ్చేవాళ్ళం. రక్తం కారుతూ, ఈగలు ముసురుతూ వచ్చిన కుక్క కొన్ని వారాలకి గడ్డ కరిగిపోయి, మా పశువుల ఆసుపత్రి గేటు దగ్గర టీ బంకు ముందు బన్ను కోసం మిగతా కుక్కలతో కొట్లాడుతూ కనపడేది. ఆ గడ్డ చాలావాటిల్లో పూర్తిగా నయమవుతుంది. బెల్లంగాడిది అలాంటిది కాదు, లింఫోమా.

ఈ మాట మీ డాక్టరమ్మ చెప్పే ఉంటుంది. నువ్వు విన్నావో, వింటూ వింటూ ఎటో చూశావో తెలీదు గనక నేనూ రాస్తున్నాను. లింఫోమా అణగడం వేరు, పోవడం వేరు. ఈ నాలుగు మందుల పద్ధతిలో దాదాపు ఆర్నెల్లు చికిత్స చేస్తే ఎక్కువ కుక్కల్లో గడ్డలు చేతికి తగలకుండా పోతాయి. కొన్నాళ్ళకి మళ్ళీ వస్తాయి. బి-కణాల రకమైతే మామూలుగా ఏడాది అటూ ఇటూ బతుకుతాయి. ఐదింట ఒకటి రెండేళ్ళు చూస్తుందని లెక్క. పదేళ్ళ లాబ్రడార్‌కి ఏడాదంటే తక్కువేం కాదు. ఆ ఏడాది వాడు ఏం చేస్తూ గడపాలన్నదే నీ చేతిలో ఉన్నది.

మన ఊళ్ళో ముసలెద్దుని పాకలో కట్టేసి కుర్ర జతని అరకకి తోలుకెళ్ళడం నువ్వు చూసి ఉండవు. మేత ముందరే ఉన్నా ముట్టదు. పలుపు తెగేలా గుంజుకుంటూ అవి వెళ్ళిన దారి వైపే చూసి అరుస్తుంది. తెలిసిన రైతు దాన్ని ఖాళీ బండికి కట్టి చెరువు దాకా తిప్పుకొచ్చేవాడు. బండితో పనుండి కాదు. బెల్లంగాడికి చిన్నప్పట్నుంచీ నీతో కలిసి పనిచెయ్యడం అలవాటు. నువ్వు ఆ నీలం పట్టీ కొక్కెం నుంచి తీస్తే చాలు, అటక మీద నిద్రపోతున్న పిల్లి కూడా లేచేంత గోల చేసేవాడు. ఇప్పుడు ఆ పట్టీ దాచేస్తే, తనకి జబ్బు చేసిందని కాదు వాడికి తెలిసేది. నీకు తనమీద కోపమొచ్చిందనుకుంటాడు. (కుక్క మనసులోకి దూరి చూసొచ్చానని అనను. సర్వీసంతా కుక్కల మొహాలు చూసిన వాణ్ణి, అంతవరకే.)

అలాగని అజిలిటీ మళ్ళీ మొదలుపెట్టకు. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ ప్రదర్శన మధ్యలో జనానికి కాలక్షేపంగా, గుర్రాల జంపింగ్‌ని చూసి అల్లిన ఆట అది. ఎగరడం, గిరుక్కున తిరగడమే దాని ప్రాణం. ప్రెడ్నిసోలోన్ మింగుతున్న ముసలి కుక్కకి తొడకండ కరుగుతుంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్ళు ప్రిఫర్డ్ అనే తరగతిలో బార్ నాలుగంగుళాలు దించుతారని నువ్వే చెప్పావు. ఆ వెసులుబాటు వయసుకి పనికొస్తుంది గానీ ఈ జబ్బుకి కాదు. డాక్సోరుబిసిన్ మొత్తం మోతాదు పెరిగేకొద్దీ గుండె కండరం మీద కూడా దెబ్బ పడుతుంది. ఎకో ఎప్పుడెప్పుడు తీస్తారో అడుగు. సెంట్ వర్క్‌లో వాడు నడిస్తే చాలు. బర్చ్ నూనో, లవంగ నూనో అంటిన దూది పుల్ల ఏ పెట్టెలో ఉందో ముక్కుతో చెప్పాలి, అంతేగా. మూడు కాళ్ళ కుక్కలు, చూపులేని కుక్కలు ఆడే ఆట అది.

కిందటేడు నేను మీ ఊరు రాలీ వచ్చినప్పుడు ఒక చర్చి హాల్లో పోటీకి తీసుకెళ్ళావు. నీ వంతు గురించి నాకు పెద్దగా జ్ఞాపకం లేదు, ఏమనుకోకు. మూడు కాళ్ళ గ్రేహౌండ్‌తో వచ్చిన ఆ పెద్దావిడ మాత్రం నిన్న చూసినట్టుంది. దానికి ఎముక కాన్సర్ వచ్చి ముందుకాలు తీసేశారని నువ్వు చెవిలో చెప్పావు. నేల మీద తెల్లటి అట్టపెట్టెలు వరసగా పరిచి ఉన్నాయి. రెండో వరసలో సగం దాకా బాగానే వచ్చి, ఒక పెట్టె ముందు ఆ గ్రేహౌండ్ కూలబడింది. అది వాసన దొరికిందని చెప్పడానికి కూర్చున్న తీరు కాదు. బరువంతా మిగిలిన ముందుకాలి మీద వేసి, ఆ కాలు సన్నగా వణుకుతుంటే తల పక్కకి తిప్పింది. ఇంకా చాలా సమయం ఉంది. చప్పట్లకి సిద్ధంగా కుర్చీల్లో జనం. ఆవిడ ఒక్కసారి దాని కాలివైపు చూసి, జడ్జికి థాంక్యూ చెప్పి, ఏదో గొప్ప పని చేసి వస్తున్న కుక్కని నడిపించుకొచ్చినట్టు కబుర్లు చెప్తూ బయటికి తీసుకొచ్చేసింది. నేను వెనకాలే వెళ్ళాను. పచ్చికలో ఎండు కాలేయం ముక్కలు చల్లింది. ఆ కుక్క పడుకునే ముక్కుతో వెతుక్కుంటూ తింటోంది, తోక నేలకేసి కొడుతూ. తన ఆట చెడిందని దానికి తెలియనే లేదు.

నేను నీకు చెప్పదలుచుకున్నది ఆ పెద్దావిడ చేసిన పని గురించే. ఆపడం నేర్చుకో, వాడికి ఓడినట్టు తెలియకుండా ఆపడం. అది చేతకానివాళ్ళు ఆరోగ్యంగా ఉన్న కుక్కతో కూడా ఆడకూడదని నా అభిప్రాయం.

ఎందుకంటున్నానంటే, కంటైనర్లలో, అదే ఆ పెట్టెల ఆటలో, రెండు పాసయ్యాయి, మూడోది వస్తే టైటిల్ అని మెసేజీ చివర రాశావు. చివర రాసినా నాకు ముందు కనపడింది అదే. ఆ రిబ్బను కావలసింది వాడికి కాదు, నీకు. కావాలనుకోవడంలో తప్పు లేదు, రేపు వాడు లేనప్పుడు గోడమీద ఏదో ఒకటి ఉండాలనిపిస్తుంది. కానీ ఆ కోరిక నీ చేతిలోంచి తాడు గుండా వాడి మెడకి దిగుతుంది. అడుగులు తొందర పడతాయి, వాడు ఇంకాస్త వాసన చూస్తానన్న పెట్టె దగ్గర్నుంచి లాగుతావు, గొంతు మారుతుంది. జాలిపడి ఇంట్లో కట్టేసేవాళ్ళనీ చూశాను, చివరి టైటిలని పరిగెత్తించేవాళ్ళనీ చూశాను. ఇద్దరూ తమ దుఃఖాన్నే మోసుకుంటున్నారు, కుక్కతో మోయిస్తున్నారు కూడా.

"వారియర్" అని వాడి ఫోటోలు పెట్టడం నాకు నచ్చలేదు, చెప్పకుండా ఉండలేను. కాలికి ఆ పసుప్పచ్చ బ్యాండేజీ కట్టించుకుని వాడు ఎవరితోనూ యుద్ధం చెయ్యట్లేదు. బిస్కెట్ ఎప్పుడు పెడతావా అని చూస్తున్నాడు. వాణ్ణి వీరుణ్ణి చేశాక, ఆపాల్సిన రోజున ఆ చూసేవాళ్ళందరికీ సమాధానం చెప్పుకోవాలి నువ్వు.

ఇక పని మాటలు. పోటీ తేదీ ఎక్కడ పడుతుందో చూసుకో. ఇంజెక్షన్ అయిన వారానికి అటూ ఇటూ, అంటే ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య, తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో నలభై కుక్కలున్న హాలుకి వాణ్ణి తీసుకెళ్ళకు. పదో రోజు దాటాక, తర్వాతి డోసుకి ముందు పడితే మంచిది. థర్మామీటరు బ్యాగులో ఉంచు. 103 దాటితే పోటీ లేదు గీటీ లేదు, నేరుగా ఆసుపత్రికే.

నోరు తెరిచి రొప్పే కుక్క సరిగ్గా వాసన పట్టలేదు. వెతికేటప్పుడు కుక్క నోరు మూసి సెకనుకి ఐదారు సార్లు గాలి ఎగబీలుస్తుంది. రొప్పుతూ ఆ పని చెయ్యడం కుదరదు. ప్రెడ్నిసోలోన్ ఊరికే రొప్పిస్తుంది, దానికి తోడు మీ దగ్గర ఉక్క. కారులోంచి దించాక నీడలో కూర్చోబెట్టి, వాడు నోరు మూసేదాకా ఆగు. మూయలేదూ, ఆ రోజుకి వాడి పేరు కొట్టించెయ్. ఫీజు పోతే పోనీ.

అదే మాత్రకి దాహమూ ఎక్కువ, తాగిన నీళ్ళు ఎటో పోవాలిగా. వెతికే చోట ఉచ్చపోస్తే ఆ రౌండు పోయినట్టేనట కదా మీ రూలు. వంతు రాకముందే తిప్పుకురా. సైక్లోఫాస్ఫమైడ్ వేసిన రోజుల్లో మందు మూత్రాశయంలో నిలవ ఉండకూడదు గనక అది వైద్యం కూడా. అయితే డోసు పడ్డాక రెండు మూడు రోజులు ఆ ఉచ్చలో, మలంలో మందు ఉంటుంది. గ్లౌజు లేకుండా ఎత్తకు. మిగతా కుక్కలు వాసన చూసే చోట, పిల్లలాడుకునే పచ్చిక మీద పోయించకు. నీ కుక్క జబ్బుతో ఇంకొకళ్ళు సర్దుకుపోవాలనుకోవడం మర్యాద కాదు.

రోజూ పొద్దున దువ్వేటప్పుడు దవడ కింద, వెనక మోకాలి మడతలో వేళ్ళు పెట్టి చూడు. గడ్డ మళ్ళీ తగిలితే ముందు నీకే తెలుస్తుంది. ఇంకొకటి. ఆలిస్ విల్లలోబోస్ అని కాలిఫోర్నియాలో పెంపుడు జంతువుల కాన్సర్ డాక్టరు ఒక కొలత తయారుచేసింది. నొప్పి, ఆకలి, నీళ్ళు, శుభ్రం, సంతోషం, కదలిక, మంచి రోజులు ఎక్కువా చెడ్డవి ఎక్కువా: ఈ ఏడింటికీ పదేసి మార్కులు, మొత్తం 35 దాటుతుంటే బతుకు బతుకులాగే ఉందని. నాకు మార్కుల మీద అంత నమ్మకం లేదు, కుక్క వీపు చూస్తే తెలిసేది కాగితం మీద తెలియదు. అయినా నువ్వు వేసుకో. వాడికోసం కాదు. వాడి మీద ప్రేమతో నీ కళ్ళు అబద్ధం చెప్పే రోజులొస్తాయి, అప్పుడు పోయిన నెల అంకె పక్కన పెట్టుకుని చూడొచ్చు. ఆదివారం వెయ్యి, పోటీ నుంచి వచ్చిన సాయంత్రం మాత్రం వెయ్యకు. ఆ రోజు మార్కులన్నీ పెరుగుతాయి.

డబ్బు సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఆవిడ కుక్క మీద కాదు, నీమీద బెంగతో అంటోంది. వచ్చే నెల నువ్వు ఒక్కదానివే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళకు. ఆ పక్కింటి పిల్లని తోడు తీసుకెళ్ళు. వాణ్ణి ఆపాల్సొస్తే ఆ అమ్మాయి వాణ్ణి పట్టుకుంటుంది, నువ్వు కాసేపు కారులో కూర్చోవచ్చు.

ఈ వారం రక్తపరీక్ష కాగితం రాగానే ఫోటో పంపు. పోయినసారి న్యూట్రోఫిల్స్ ఉన్న వరసే సగం కోసి పంపావు. డాక్సోరుబిసిన్ ఎన్నో డోసో, గుండె ఎకో తేదీ ఏమిటో కూడా రాయి.

ఆశీస్సులతో,
మావయ్య

అత్తయ్య వాడికి ఉప్పులేని ఎండు చేపలు పంపుతానంటోంది. నేను వద్దన్నాను. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఎలాగూ పంపిస్తుంది, నీ డాక్టరమ్మని అడక్కుండా పెట్టకు.