‘ఒకేసారి’ అంటే ఎవరికి?

కాలం ఒక్కటే, అంతటా వ్యాపించి ఉంది, నిత్యం అంటారు వైశేషికులు. ఆ మాటను తర్కసంగ్రహంలో బిగించి చెప్పిన అన్నంభట్టు మన తెలుగువాడేనంటారు. కాలం కంటికి కనబడదు గనక ‘ముందు’, ‘వెనక’, ‘ఒకేసారి’ అని మనం అనుకోవడమే అది ఉందనడానికి గుర్తు. ఈ గుర్తుల్లో ‘ఒకేసారి’ని మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోకూడదని నా వాదన. దానికి సాక్ష్యం అనేక కోర్లున్న కంప్యూటర్లను నడిపే కెర్నెల్‌లో దొరుకుతుంది.

మెమరీలో రెండు గళ్లున్నాయనుకుందాం, రెండింట్లోనూ సున్నా. ఒక కోర్ మొదటి గడిలో ఒకటి రాసి రెండోదాన్ని చదువుతుంది. ఇంకో కోర్ రెండో గడిలో ఒకటి రాసి మొదటిదాన్ని చదువుతుంది. ఈ నాలుగు పనులనూ ఏ వరుసలో పేర్చినా ఏదో ఒక కోర్‌కైనా ఒకటి కనబడి తీరాలి. అయినా మనం రోజూ వాడే ఇంటెల్ చిప్‌ల మీద సైతం రెండింటికీ సున్నాయే కనబడవచ్చు. ప్రతి కోర్ తన రాతను ముందు తన స్టోర్ బఫర్‌లో పెట్టుకుని, అది పక్కవాళ్లకు చేరకముందే తరువాతి పనికి పోతుంది మరి. అలా కాకూడదంటే మధ్యలో ఫెన్స్ పెట్టి, బఫర్ ఖాళీ అయ్యేదాకా కోర్‌ను ఆపాలి. అంటే ఉమ్మడి వరుస ఊరికే రాదు, కొనుక్కోవాలి. 1996లో వచ్చిన లినక్స్ 2.0 ఈ ఖరీదును మొరటుగా చెల్లించింది: బిగ్ కెర్నెల్ లాక్ పెట్టి, ఒక్కసారికి ఒక్క కోర్‌నే కెర్నెల్‌లోకి రానిచ్చి, మిగతావాటిని గుమ్మం బయట నిలబెట్టింది. ఆ తాళాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పూర్తిగా తీసేసరికి 2011 వచ్చింది. ఈలోగా లినక్స్‌లోకి వచ్చిన ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్) పద్ధతి నా దృష్టిలో అన్నిటికన్నా తాత్వికమైనది. ఒక జాబితాను మార్చాలంటే అది చదువరులను ఆపదు. కొత్త ప్రతిని పక్కన సిద్ధం చేసి పాయింటర్‌ను అటు తిప్పుతుంది. కాసేపు కొందరికి పాత లోకం, కొందరికి కొత్తది, రెండూ చెల్లుతాయి. పాతదాన్ని చూస్తున్న చివరి కోర్ తప్పుకున్నాకే దాన్ని చెరిపేస్తారు.

కాలం విషయంలో వైశేషికుల మాటే పట్టుకున్న నైయాయికుడు ఊరుకోడు. ఇది బఫర్ చేసే గారడీ, పక్కన మంచి గడియారం పెట్టుకున్నవాడికి అసలు వరుస తెలుస్తుందిగా అంటాడు. ఆ గడియారమూ ఒకచోట ఉండేదే. 3 గిగాహెర్ట్జ్ కోర్ ఒక్క సైకిల్ తిరిగేలోగా కాంతి పోగలిగేది పది సెంటీమీటర్లే. వేర్వేరు చోట్ల జరిగి, సందేశమేదీ కలపని రెండు సంఘటనలకు ముందువెనకలు లేవని 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ రాసినప్పుడు, ఆ చూపు తనకు సాపేక్షతా సిద్ధాంతం నుంచే వచ్చింది. ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది: ఒక్క గడి వరకు తీసుకుంటే, అందులో ఏ విలువ తరువాత ఏది వచ్చిందో కోర్లన్నీ ఒకే మాట చెబుతాయి. నిజమే. గడికో వరుస ఉంది, గళ్లన్నిటినీ కలిపి కుట్టే వరుస లేదు. అలాగని కాలమే లేదనను. బఫర్‌లో రాత వేచి ఉండాలన్నా కాలం కావాలి, ఏ కోర్‌కు ఆ కోర్‌గా ముందువెనకలు చెక్కుచెదరవు. క్షణం వాస్తవం, క్షణాలను పోగుచేసి కాలమనడం బుద్ధి చేసే పని అన్న యోగభాష్యం, అంటే యోగసూత్రాల వ్యాఖ్య, దీనికి దగ్గరగా ఉంది.

2010లో ఎంఐటీ పరిశోధకులు మామూలు లినక్స్‌నే కొద్దిపాటి మార్పులతో 48 కోర్ల మీద బాగా నడిపించారు కదా, ఇంత తత్వం దేనికని అడగవచ్చు. జవాబు ఆ మార్పుల్లోనే ఉంది: వాటిలో ఒకటి ఉమ్మడి లెక్కను కోర్లకు పంచేసి, మొత్తం ఎంతో అవసరం పడ్డప్పుడే కూడి చూసుకోవడం.