ఎదురుగాలిలో మిత్రధర్మము

కాలినడకన క్షేత్రయాత్ర చేయువారు నేడు తక్కువ. బస్సులో కూర్చుండి పోవువారే ఎక్కువ. ఈ రెంటికి నడుమ సైకిలు యాత్ర యొకటి కలదు. చక్రములున్నను అందు దేహశ్రమ తప్పదు. సింహాచలము నుండి శ్రీకూర్మమునకు సైకిళ్లపై బయలుదేరిన ఇద్దరు మిత్రులను ఊహించుకొందము. వారిలో ఒకడు బలవంతుడు, రెండవవాడు అంతటివాడు కాడు. దూరము సుమారు 110 కి.మీ. తగరపువలస వద్ద గోస్తనిని దాటి, భోగాపురము, పూసపాటిరేగ, రణస్థలము, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళము చేరి, నాగావళిని దాటి సముద్రము వైపు తిరిగినచో కూర్మనాథుని సన్నిధి లభించును.

వైశాఖమాసమున చందనోత్సవము సేవించి బయలుదేరినారనుకొందము. ఆ ఋతువున ఈ తీరమున గాలి ఎక్కువగా నైఋతి నుండి వీచును. తీరరేఖయు నైఋతి నుండి ఈశాన్యమునకే సాగుచున్నది. కావున పోవునపుడు గాలి వెనుక నుండి నెట్టును. మరలునపుడు అదే గాలి ఎదురు నిలుచును. వెనుకగాలిలో పోవువాడు అసలు గాలియే లేదనుకొనును. తన కాళ్ల సత్తువ పెరిగినదని సంతోషించును. మిత్రుని అవసరమును అతనికి తోపదు. ఈ భ్రాంతి సైకిలెక్కనివారికిని క్రొత్తది కాదు.

మరునాడు తిరుగుదారిలో లెక్క మారును. గంటకు 15 కి.మీ. వేగముతో తొక్కువానికి అంతే వేగముగల ఎదురుగాలి వీచినచో, గాలి 30 కి.మీ. వేగముతో తగులును. గాలి నిరోధము వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును గనుక ఆ నిరోధము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. (తుపాను గాలి మాట వేరు. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ ఉద్దానపు కొబ్బరితోటలను నేలగూల్చినది. అట్టి దినమున ఇల్లు కదలుట ధైర్యము కాదు, తెలివితక్కువతనము.) అయితే ముందుపోవువాని వెనుక కొద్ది ఎడములో సాగువానికి శ్రమ ఇంచుమించు మూడవ వంతు వరకు తగ్గును. ముందువాడు గాలిని చీల్చుచుండగా వెనుకవాడు ఆ చాటున పోవును.

ఇచ్చట ఒక విశేషము కలదు. వెనుక ఒకడు చాటు తీసికొనుటవలన ముందువానికి గాలిబరువు పెరుగదు. ఒంటరిగా పోయినను ఆ గాలిని అతడు మోయవలసినదే. మరి అతడు ఇచ్చినదేమి? తన వేగము. తన బలముకొలది తొక్కిన యెడల క్షణములో పది గజములు ముందునకు పోవును, చాటు చెడును. బలమున్నను దానిని వాడక అణచుకొనుటయే అతని దానము. జాతీయ రహదారిపై లారీల చాటున పోవు కుర్రవారును కలరు. లారీ చాటు పెద్దదే కాని, అది వెనుదిరిగి చూడదు.

చాటున పోవుట చిన్నతనమా? కాదు. మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయములను మన పెద్దలు చెప్పిరి. పిల్లి తన కూనను నోట కరచుకొనిపోవును; కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనవలెను. గాలిచాటు కోతిపిల్ల పట్టు వంటిది. అది ఎవ్వరిని లాగుకొనిపోదు. తొక్కుట మానినవానికి చాటే లేదు. కావున ఆశ్రయించినవాడు సోమరి యనుట న్యాయము కాదు. ఆశ్రయము వలదని వెనుక ఒంటరిగా గాలితో పెనుగులాడువాని పట్టుదలలో అభిమానపు పాలే ఎక్కువ.

కాని పోలిక ఇంతవరకే. మందరగిరిని వీపున దాల్చిన కూర్మమూర్తికి ఆ కొండ తిరుగుట వీపు గోకినట్లుండెనని భాగవతము చెప్పుచున్నది. ఆయన అలయడు, బదులు కోరడు. మిత్రుడు మానవుడు, అలయును. అలసటను దాచుకొని దారి పొడవున తానే ముందుండెదననువాడు, స్నేహముతోనే యైనను, తనది కాని స్థానమును తీసికొనుచున్నాడు. అట్లే అతనిని ముందుంచి నిశ్చింతగా సాగువాడు, భగవంతునికి అప్పగింపవలసిన భారమును తోటిమానవునిపై మోపుచున్నాడు.

ముందుండుట గొప్ప, వెనుకనుండుట తక్కువ యను తలంపును సరికాదు. వాల్మీకి రామాయణమున గంగను దాటిన పిమ్మట రాముడు లక్ష్మణుని ముందు నడువుమని, సీతను అతని వెంట పొమ్మని, తాను ఇరువురిని కాచుచు వెనుక నడచెను. అరణ్యకాండలో రాముడు ముందు, సీత నడుమ, ధనుస్సు ధరించిన లక్ష్మణుడు వెనుక. అన్నదమ్ముల స్థానములు మారినవి. వారి గౌరవము మారలేదు. ఫ్రాన్సులో 1903లో ప్రారంభమైన టూర్ డి ఫ్రాన్స్ పందెమున, నాయకునికి గాలి తగులకుండ ముందు తొక్కువానిని వారి భాషలో ఇంటిసేవకుడను అర్థము వచ్చు మాటతో పిలుతురు. అక్కడ ముందుండువాడే సేవకుడు!

ఇక కష్టమైన ఘట్టము. రణస్థలము దాటిన తర్వాత వెనుకవాడు, "ఓ గడియ నేను ముందెళ్తాన్రా" అని యడుగును. "వద్దులేరా, నీ వల్ల కాదు" అనుట బలవంతునికి సులభము. అందు ప్రేమ యున్నది. తానొక్కడే ఇచ్చువాడుగా మిగులవలెనను ఆశయు కొంత యున్నది. ఒప్పుకొన్నచో వేగము తగ్గుట నిజము. తగరపువలసలో పడవలసిన ప్రొద్దు భోగాపురముననే పడవచ్చును. అయినను ఒప్పుకొనవలెను. ఇచ్చుటకు వీలులేని స్నేహములో రెండవవాడు మూటవలె మిగిలిపోవును. ఒక కిలోమీటరైనను చాలును. ఉదయము నుండి ముందే యున్నవానికి మిత్రుడు తొక్కుట కనబడలేదు. ఇప్పుడు వెనుక నుండి చూచునపుడు, ఆ భుజములు ప్రతి తొక్కుకు ఎట్లు ఊగుచున్నవో, ఏ వేగమున ఊపిరి నిలుచుచున్నదో అతనికి తెలియును. మరల తాను ముందునకు వచ్చినపుడు ఆ వేగముననే తొక్కగలడు.