ఎక్కడి నుంచి సున్నా?

చేవెళ్ల దగ్గర ఒక కాటా. లారీ నిలబడే పలక రోడ్డు పక్కన ఉంది, చీటీ కొట్టే డాట్ మాట్రిక్స్ ప్రింటరేమో 300 అడుగుల అవతల గోదాము గదిలో ఉంది. మధ్యలో సీరియల్ కేబుల్ లాగింది నేనే. ఆ కేబుల్ నడిచే ఆర్‌ఎస్-232 పద్ధతికి 50 అడుగులు దాటించొద్దంటారని తెలిసీ లాగాను. కొన్నాళ్లు నడిచింది కూడా.

మక్కల సీజన్‌లో ఫోనొచ్చింది. మొయినాబాద్ నుంచి మర్రిచెట్ల కింద బండి మీద వెళ్లేసరికి ఒక రైతు చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. “డబ్బాల ఒక లెక్క, చీటీల గీ పిచ్చి గీతలు. దేన్ని నమ్మాలె సారూ?”

కేబుల్ విప్పి, రెండు చివర్ల ఎర్త్‌ల మధ్య మీటరు పెట్టాను. బోరు మోటారు వేయగానే 4 వోల్టులు దాటింది. ఆ పాత పద్ధతిలో వైరు మీద 3 వోల్టులకు పైనుంటే సున్నా, మైనస్ 3కు కిందుంటే ఒకటి. పైన, కింద అన్నది గ్రౌండును, అంటే నేలను బట్టి. కాటా తన నేల నుంచి కొలిచి పంపుతోంది, ప్రింటరు తన నేల నుంచి కొలిచి చదువుతోంది. ఇద్దరిదీ ఒకే నేల అనుకున్నది నేను. పంపినదాంట్లో అబద్ధం లేదు. చదివినవాడి తప్పూ లేదు.

ఈ నేల సంగతి తేలాక నాకు జైనులు గుర్తొచ్చారు. మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో 2023లో నాలుగు వైపులా తీర్థంకరులను చెక్కిన జైన స్తంభాలు బయటపడ్డాయి. పక్కనే చిలుకూరు. ఇప్పుడు అందరూ బాలాజీకి 108 ప్రదక్షిణలు చేసే ఊరు, ఒకప్పుడు జైనుల కేంద్రం. ఏ మాటకైనా ముందు ‘స్యాత్’ తగిలించమన్నారు జైనులు. దాన్ని ‘బహుశా’ అని అనువదించడం అన్యాయం. అది అనుమానం కాదు, ‘ఈ వైపు నుంచి చూస్తే’ అని ఖాయంగా చెప్పడం. మాటతో పాటే అది నిలబడ్డ నేలను కూడా పంపడం. పండితులు నవ్వితే నవ్వనీ, నాకు ఆ సంగతి స్క్రూడ్రైవరు పట్టుకున్నాకే ఎక్కింది.

ఎందుకంటే నేను చివరికి చేసిందీ అదే. రెండు చివర్లా ఆర్‌ఎస్-485 అడాప్టర్లు పెట్టి, మెలివేసిన జంట వైరు లాగాను. ఇందులో ఒక వైరును రెండోదానితోనే పోల్చి చదువుతారు. మోటారు రొద రెండింటి మీదా సమంగా పడుతుంది, తేడా మాత్రం చెక్కుచెదరదు. 0.2 వోల్టుల తేడా చాలు, 4000 అడుగులైనా పోతుంది. అలాగని నేలల తేడా ఎంతైనా భరిస్తుందనుకోవద్దు. మైనస్ 7 నుంచి 12 వోల్టుల దాకానే దాని ఓర్పు. అన్ని వైపులా నిజముందంటే ఏది పడితే అది నిజమని కాదు గదా!

మొదటిసారి మళ్లీ చెత్తే పడింది. ఆ జంటలోని ఏ, బీ వైర్లు తారుమారు చేశాను. మార్చి బిగించాక అంకెలు శుభ్రంగా దిగాయి. రైతును పిలిచి కాటా డబ్బా మీది అంకె, చీటీ మీది అంకె పోల్చి చూపించాను. రెండూ ఒకటే.

చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగాడు: “మరి కాటా సక్కగున్నదా?”

తూనికలు, కొలతల శాఖ వేసిన ముద్ర చూపించాను. అతను వంగి, వేలితో దుమ్ము తుడిచి చూశాడు.