తల్లిలేని కోడిపిల్లలు

గార్లదిన్నె వంటి మెట్టసీమలో వానలు తప్పిన యేట ఇంటి గింజలను కొలిచి వండుకొనవలసి వచ్చును. అట్టి యింట తల్లికోడిని కుక్క పట్టుకొనిపోగా, నిన్ననే గ్రుడ్డు వెడలిన పిల్లలు చలికి ముడుచుకొని మిగిలినవనుకొందము. "మనకే గింజలు లేవు, వీటికెక్కడివి?" అనుట తగునా?

ప్రియులారా, ఆ పిల్లలు మొదట గింజలడుగవు. గ్రుడ్డులోని పచ్చసొన కడుపులో మిగిలియుండి రెండు దినములు వాటిని పోషించును. వాటికి ముందుగా కావలసినది వెచ్చదనము: మొదటి వారము సుమారు 35 డిగ్రీలు, పిమ్మట వారమునకు 3 డిగ్రీల చొప్పున తక్కువ. గంప, గోనెపట్ట, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా చాలును. గుంపుగూడి అరచినయెడల వాటికి చలి. సీసాకు దూరముగా పోయి నోరు తెరచినయెడల వేడి ఎక్కువ. తేరుకొనిన తరువాత ముక్కును నీటికి తాకించవలెను. గొంతులో పోసినయెడల ఊపిరాడక చచ్చును. ఆ పిమ్మటనే చిటికెడు నూకలు.

కాబట్టి కరవు మనకు సాకు కానేరదు. వాటి ప్రాణము మన చేతిలో లేదు. రాత్రి లేచి సీసా మార్చు ఓపిక మన చేతిలోనే యున్నది. ప్రభువు సహితము తన ప్రేమను తెలుపగోరి, పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొను కోడినే చూపెను గదా!