వందనం ఎవరికి?

మన త్రివిధ దళాలలో వందనం చేసే రీతులు మూడు. సైన్యంలో అరచేయి ఎదుటివారికి కనబడుతుంది. నౌకాదళంలో నేలవైపు తిరిగి ఉంటుంది. వాయుసేనలో 2006 నుంచి 45 డిగ్రీల కోణంలో నిలుస్తున్నది. రీతులు వేరైనా భావం ఒక్కటే. ఆ వందనం వ్యక్తికి కాదు, రాష్ట్రపతి ప్రసాదించిన కమిషన్‌కు. కనుకనే అందుకున్న అధికారికి ప్రతివందనం విధి అయింది.

వందనం మరచిన కొత్త జవానును ఎట్లా సరిదిద్దాలి? చూసీచూడనట్లు పోవడం ఔదార్యం కాదు. అలక్ష్యం ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. పదిమంది ఎదుట అవమానించడమూ దిద్దుబాటు కాదు. వందనం తనకు చెందనిదైనప్పుడు, అది అందలేదన్న కోపం మాత్రం తనదెట్లా అవుతుంది? ఆ కోపంతో గద్దించే అధికారి పదవికి దక్కవలసిన గౌరవాన్ని సొంత ఆస్తిగా భావించినట్లే.

1950 నాటి సైనిక చట్టం ఈ విషయంలో ఇరువైపులా చూసింది. 40వ సెక్షన్ పై అధికారిపై దౌర్జన్యాన్ని నేరమన్నది; 47వ సెక్షన్ కిందివారిని హింసించడాన్ని ఏడేళ్లవరకు శిక్షార్హం చేసింది. అయితే చట్టం హింసను నివారించగలదే గాని, సంస్కారాన్ని నేర్పలేదు.

జవానును పక్కకు పిలిచి, వందనం అర్థం వివరించి, మరల చేయించి, దానికి తానూ శ్రద్ధగా ప్రతివందనం చేయడమే సరైన శిక్షణ. భయంతో నేర్చిన మర్యాద అధికారి కనుమరుగు కాగానే సడలుతుంది. అర్థం తెలిసి నేర్చినది నిలుస్తుంది.