సముద్రానికి వెళ్లే ముందు

హైదరాబాద్ చిక్కడపల్లి గ్రంథాలయంలో, అశోక్‌నగర్ హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నాలుగు రోజులు తీరిక దొరికితే సూర్యలంక సముద్రతీరానికో విశాఖకో బయల్దేరుతుంటారు. వెళ్లాలి కూడా. పుస్తకాలకు అతుక్కుపోయిన కళ్లకు అంత దూరపు చూపు నారాయణగూడ సందుల్లో దొరకదు.

అయితే ఒక్క మాట వినండి. అలలు ఒడ్డుకు తోసిన నీరు తిరిగి లోపలికి పోవాలి కదా! ఒక్కోచోట అది ఇరుకైన పాయగా, మహా వేగంగా పోతుంది. అక్కడ అలలు పెద్దగా విరగవు, నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి. కొత్తవాళ్లు అదే మంచి చోటనుకుని దిగుతారు. ఆ పాయ లాగితే ఒడ్డువైపు ఎదురీదకండి, అలసటే ప్రాణం తీస్తుంది. నీళ్లపై తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యండి. ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకు ఈది, పాయ దాటాక బయటికి రండి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటొద్దు నాయనా.

నీళ్లలోనే గడపాలనేముంది? విశాఖ రామకృష్ణా బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరింది, 2002 నుంచి మ్యూజియం. లోపలికెళ్లి నావికులు పడుకున్న ఇరుకు పడకలు తప్పక చూడండి. శీతాకాలం చివర్లో వెళితే, ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఇసుకలో గుడ్లు పెట్టే కాలమది. వాటి మీద టార్చి వెయ్యకండి.